ట్యాపెట్ చప్పుడు ఆగిపోయిందని సంబరపడకండి

ప్రశ్న: మాది విజయవాడ, భవానీపురం. నాన్నగారు వాడిన 2006 మోడల్ మారుతి 800 ఎంపీఎఫ్‌ఐ ఇప్పుడు నా దగ్గరుంది, 1,10,000 కిలోమీటర్లు తిరిగింది. ఆరేళ్ల కింద ఎల్‌పీజీ కిట్ పెట్టించాం, అప్పట్నుంచి దాదాపు గ్యాస్ మీదే తిరుగుతోంది. మొదట్లో ఇంజిన్ పైభాగంలో టిక్ టిక్‌మని ట్యాపెట్ చప్పుడు వచ్చేది, ఏడాదిగా అది పూర్తిగా ఆగిపోయింది. మా మెకానిక్ "ట్యాపెట్లు వాటంతటవే సెట్ అయిపోయాయి, ఇంజిన్ కుట్టుమిషన్‌లా ఉంది, ముట్టుకోకండి" అంటున్నాడు. కానీ పొద్దున్నే స్టార్ట్ చేస్తే పది నిమిషాలు ఒకటే వణుకు, తర్వాత సర్దుకుంటుంది. కనకదుర్గ ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు మునుపటిలా లాగడం లేదు. ప్లగ్గులు, ప్లగ్ వైర్లు మార్చాను, తేడా లేదు. మెకానిక్ మాట నిజమేనా? ట్యాపెట్ సెట్టింగ్ ఇంట్లో నేనే చేసుకోవచ్చా? గ్యాస్ కిట్ తీసేయించమంటారా?

జవాబు: మీ మెకానిక్ కుట్టుమిషన్ అన్నాడు చూశారా, అక్కడే దొరికిపోయాడు. కుట్టుమిషన్ కూడా టకటకలాడుతూనే కుడుతుంది కదండీ, చప్పుడు లేకుండా కుట్టే మిషన్‌ని నేనింతవరకు చూడలేదు. 800 ఇంజిన్‌లో ఉన్నవి స్క్రూ ట్యాపెట్లు, అంటే వాల్వ్‌ని నొక్కి తెరిచే రాకర్ అనే చిన్న మీట చివరి స్క్రూలు. వాటికీ వాల్వ్ కాడకీ మధ్య గ్యాప్ ఉండి తీరాలి, గ్యాప్ ఉంటే కాస్త చప్పుడూ ఉంటుంది. లక్ష దాటిన బండిలో ఎవరూ స్పానర్ పెట్టకుండా ఆ చప్పుడు దానంతటదే ఆగిపోయిందంటే గ్యాప్ కుదిరిందని కాదు, గ్యాప్ అయిపోయిందని అనుమానించాలి. అందులోనూ గ్యాస్ బండి.

అయితే ఒక్క చిన్న మెలిక ఉంది, ముందు అది తేల్చుకోండి. ఎంపీఎఫ్‌ఐ బండిలో పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్లు కూడా టిక్ టిక్‌మంటాయి. గ్యాస్‌కి మారగానే కిట్ వాటిని ఆపేస్తుంది, అవి మూగబోతాయి. కాబట్టి మీరు ఇన్నాళ్లూ ట్యాపెట్ అనుకున్నది ఇంజెక్టర్ల చప్పుడే అయ్యుండొచ్చు. స్విచ్ పెట్రోల్‌కి మార్చి, బానెట్ ఎత్తి ఐదు నిమిషాలు వినండి. ఇంజెక్టర్ చప్పుడు సన్నగా, పొడిగా, టైపు కొట్టినట్టు ఉంటుంది. ట్యాపెట్‌ది ఇంకాస్త బరువుగా, ట్యాపెట్ కవర్ కింద నుంచి వస్తుంది. పొడవాటి స్క్రూడ్రైవర్ మొన కవర్ మీద ఆనించి పిడి చెవి దగ్గర పెట్టుకుంటే తేడా తెలిసిపోతుంది (ఫ్యాన్ బెల్టు, చొక్కా చేతులు జాగ్రత్త). పెట్రోల్ మీద కూడా కవర్ కింద ఏ అలికిడీ లేకపోతే మాత్రం నా అనుమానం ఖాయం చేసుకోండి. మీరు చెప్పిన ఉదయం వణుకు కూడా అటే చూపిస్తోంది.

ఎందుకో చెప్తాను. వాల్వ్ అంటే సిలిండర్‌కి తలుపు, ఇంటేక్‌ది ఇంధనాన్ని లోపలికి రానిస్తుంది, ఎగ్జాస్ట్‌ది పొగని బయటికి పోనిస్తుంది. వాల్వ్ మూసుకున్నప్పుడు దాని అంచు సీటు (అది ఆనుకునే గట్టి రింగు) మీద గట్టిగా కూర్చోవాలి. అలా కూర్చుంటేనే కంప్రెషన్ (సిలిండర్ లోపలి ఒత్తిడి) నిలుస్తుంది, అంతకంటే ముఖ్యంగా వాల్వ్ చల్లబడుతుంది. ఎగ్జాస్ట్ వాల్వ్ మంటలో నానుతూ ఉంటుంది, తన వేడిలో ఎక్కువ భాగాన్ని ఆ సీటుకి అప్పగించే అవకాశం మూసుకున్న ఆ కాస్త సేపే. ఇంజిన్ నిమిషానికి 2000 చుట్లు తిరుగుతుంటే ప్రతి వాల్వూ నిమిషానికి 1000 సార్లు తెరుచుకుని మూసుకుంటుంది, అంటే సెకనుకి పదహారు, పదిహేడు సార్లు. ఇప్పుడు రాకర్‌కీ వాల్వ్ కాడకీ మధ్య సందు లేదనుకోండి, రాకర్ ఎప్పుడూ వాల్వ్ నెత్తిన వేలు పెట్టి నొక్కుతూనే ఉంటుంది. వాల్వ్ సగం మూసిన తలుపులా మిగిలిపోతుంది, ఆ సందులోంచి మండే గ్యాసు ఈల వేసుకుంటూ పోతుంది, కొన్నాళ్లకి అంచు కాలిపోయి దోసె అంచులా తయారవుతుంది. ఇంతా జరుగుతున్నా చప్పుడు మాత్రం రాదు.

మామూలుగా రాకర్, దాన్ని కదిపే క్యామ్ అరిగితే గ్యాప్ పెరుగుతుంది, చప్పుడు పెరుగుతుంది. సీటు అరిగితే దానికి రివర్స్. వాల్వ్ పైకి, హెడ్‌లోకి (సిలిండర్ల మీది మూతలోకి) కూరుకుపోతుంది, కాడ పైకి లేస్తుంది, గ్యాప్ తగ్గుతుంది. గ్యాస్ మీద తిరిగే బండిలో ఈ రెండోదే గెలుస్తుంది. పూర్వం పెట్రోల్‌లో సీసం కలిపేవారు, అది సీట్ల మీద పూతలా పేరుకుని వాటిని కాపాడేది. మన దేశంలో 2000 ఫిబ్రవరి నుంచి సీసం పెట్రోల్ పూర్తిగా ఆగిపోయింది, ఆ రోజుల్లో పాత అంబాసిడర్ల వాళ్లు సీట్లు దిగిపోతాయని ఎంత టెన్షన్ పడ్డారో నాకు గుర్తుంది. మీ 800ది అల్యూమినియం హెడ్, దాంట్లో విడిగా గట్టి సీట్లు బిగించి ఉంటాయి కాబట్టి అంత భయం లేదు గానీ, ఎల్‌పీజీ బొత్తిగా పొడి ఇంధనం, పెట్రోల్‌లా తడిపేది, చల్లబరిచేది ఏమీ ఉండదు. అందుకే సీటు మెల్లగా తినుకుంటూ పోతుంది.

ఇక చల్లగా ఉన్నప్పుడే వణుకు ఎందుకంటే, ఇక్కడ చాలామంది మెకానిక్‌లు కూడా తికమక పడతారు. వేడెక్కితే వాల్వ్ సాగుతుంది కాబట్టి గ్యాప్ తగ్గాలి అనుకుంటాం. కానీ హెడ్ అల్యూమినియం, అది ఇనుము కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది, రాకర్ షాఫ్ట్‌ని (రాకర్లు ఉండే కడ్డీని) తనతో పాటు పైకి మోసుకుపోతుంది. అందుకే ఈ ఇంజిన్‌కి చల్లగా ఉన్నప్పుడు గ్యాప్ 0.15 మి.మీ. చుట్టూ చెప్తే, వేడిగా ఉన్నప్పుడు 0.25 చుట్టూ చెప్తారు. అంటే పొద్దున్నే గ్యాప్ అన్నిటికంటే తక్కువ. మీ బండిలో పొద్దున్న వాల్వ్ మూసుకోక ఒక సిలిండర్ పడుకుంటోంది, హెడ్ వేడెక్కాక కాస్త సందు దొరికి లేస్తోంది. ఇదీ నా లెక్క. ఫ్లైఓవర్ దగ్గర లాగకపోవడానికి గ్యాస్ ట్యూనింగ్, ఎయిర్ ఫిల్టర్ లాంటి కారణాలూ ఉండొచ్చు గానీ ముందు దీన్ని చూడండి.

విప్పే ముందు పైసా ఖర్చులేని పరీక్ష ఒకటుంది. పొద్దున్న వణికే సమయంలో సైలెన్సర్ గొట్టం మూతికి రెండంగుళాల దూరంలో పేపరు ముక్క పట్టుకోండి. మామూలుగా అయితే అది ఒకే తీరుగా బయటికి కొట్టుకుంటుంది. మధ్య మధ్యలో చటుక్కున గొట్టం వైపు లాక్కుంటుంటే ఎగ్జాస్ట్ వాల్వ్ ఒకటి సరిగా మూసుకోవడం లేదనడానికి అది మంచి గుర్తు. లాక్కోకపోయినా గ్యాప్ చూడాల్సిందే.

ఇంట్లో చేసుకోవచ్చా అంటే, నిక్షేపంగా చేసుకోవచ్చు, ఓపిక ఉంటే. బానెట్ కింద నేర్చుకోదగ్గ పనుల్లో 800 ట్యాపెట్ సెట్టింగ్‌ని మించింది లేదు, ఆరే ఆరు వాల్వులు, అన్నీ స్క్రూలు. (ఈ ధైర్యంతో మీ బావమరిది కొత్త బండి మాత్రం విప్పకండి. మారుతి కె సిరీస్ ఇంజిన్లలో స్క్రూ ఉండదు, క్యామ్ కింద బకెట్లు ఉంటాయి, గ్యాప్ తేడా వస్తే క్యామ్ షాఫ్ట్ లేపి వేరే మందం బకెట్ వేయాలి. హైడ్రాలిక్ ట్యాపెట్ల బండ్లలో అసలు సెట్ చేసేదే ఉండదు.)

కావలసినవి: ఫీలర్ గేజ్ సెట్టు (సందు కొలిచే సన్నటి బ్లేడ్ల కట్ట, షాపులో ఫిల్లర్ గేజ్ అంటే టక్కున ఇస్తారు), లాక్ నట్‌కి సరిగ్గా పట్టే రింగ్ స్పానర్, మంచి స్క్రూడ్రైవర్, ప్లగ్ స్పానర్, కొత్త ట్యాపెట్ కవర్ ప్యాకింగు, ఒక కాగితం, పెన్ను. ఈ చివరి రెండూ అందరూ మర్చిపోతారు, మీరు మర్చిపోకండి.

ఇంజిన్ రాత్రంతా ఆగి ఉండాలి. మాన్యువల్ లెక్క ప్రకారం చల్లగా అంటే 15 నుంచి 25 డిగ్రీలు. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో బెజవాడలో ఆ అంకె ఎక్కడ దొరుకుతుంది, తెల్లవారుజామున ఐదింటికి నీడలో ఉన్న బండి అంటే చాలు, ఆ మాత్రం తేడాకి ఏం కాదు. ముందురోజు సాయంత్రం తిరిగొచ్చి రాత్రి పదింటికి మొదలుపెడితే మాత్రం లెక్క తప్పుతుంది. గ్యాస్ ట్యాంక్ వాల్వ్ కట్టేసి, బ్యాటరీ నెగటివ్ తీసేయండి.

వెనక చక్రాల కింద ఇటుకలు పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేసి, ముందు చక్రం ఒక్కటే జాకీ మీద లేపండి, లేపాక కింద స్టాండ్ పెట్టండి, ఒట్టి జాకీని నమ్మొద్దు. మూడు ప్లగ్గులూ తీసేయండి. నాలుగో గేరు వేసి లేచిన చక్రాన్ని బండి ముందుకు పోయే దిక్కుకి తిప్పితే ఇంజిన్ మెల్లగా తిరుగుతుంది. ఒక్కరే పనిచేస్తుంటే ఇది హాయి. క్రాంక్ (ఇంజిన్ ప్రధాన షాఫ్ట్) పుల్లీ నట్‌కి స్పానర్ వేసీ తిప్పొచ్చు. తర్వాత అడ్డొచ్చే ఎయిర్ క్లీనర్ గొట్టాలు తప్పించి ట్యాపెట్ కవర్ విప్పండి. విప్పేముందు కవర్ చుట్టూ ఉన్న మట్టి బ్రష్‌తో దులపండి, అదంతా క్యామ్ మీద పడితే కొత్త తలనొప్పి.

టైమింగ్ బెల్టు వైపున్నది ఒకటో సిలిండర్. ఇంటేక్ మేనిఫోల్డ్ గొట్టానికి ఎదురుగా ఉన్నది ఇంటేక్ వాల్వ్, ఎగ్జాస్ట్ గొట్టానికి ఎదురుగా ఉన్నది ఎగ్జాస్ట్ వాల్వ్. ఒకటో సిలిండర్ ప్లగ్ కన్నంలో ప్లాస్టిక్ స్ట్రా వదలండి (చీపురుపుల్ల వద్దు, విరిగి లోపల పడితే హెడ్ విప్పాలి). చక్రం తిప్పుతూ రాకర్లని చూడండి. ఎగ్జాస్ట్ రాకర్ నొక్కి లేస్తుంది, తర్వాత ఇంటేక్ నొక్కి లేస్తుంది, ఇంటేక్ పూర్తిగా లేచాక ఇంకా తిప్పుతుంటే స్ట్రా పైకి వస్తుంది, అది పైకి రావడం ఆగిన చోట ఆపండి. అదే కంప్రెషన్ టాప్, అంటే రెండు వాల్వులూ మూసుకుని పిస్టన్ పూర్తిగా పైకొచ్చిన చోటు. అప్పుడు ఆ సిలిండర్ రెండు రాకర్లూ వేళ్లతో కదిపితే టక టక కదలాలి. మీ బండిలో కదలకపోవచ్చు, మన అనుమానమే అది కదా. అలాంటప్పుడు స్ట్రా, రాకర్లు కదిలిన వరస, ఈ రెండింటినే నమ్ముకోండి.

ఈ చోట నేనొకసారి బోల్తా కొట్టాను. చాలా ఏళ్ల కింద నా సొంత 800కి మొదటిసారి సెట్టింగ్ చేస్తూ, స్ట్రా పైకి రాగానే టాప్ అనేసుకున్నాను, అది కంప్రెషన్ టాపా ఎగ్జాస్ట్ టాపా చూసుకోలేదు. ఎగ్జాస్ట్ చివర్లో ఉండే టాప్‌లో రెండు వాల్వులూ కొంచెం కొంచెం తెరిచే ఉంటాయి, నేను ఆ తెరిచి ఉన్న వాల్వులకి కొలత పెట్టి బిగించాను. స్టార్ట్ చేస్తే రోకళ్లతో మిరపకాయలు దంచుతున్నట్టు మోత, పక్కింటి మామ్మగారు బయటికొచ్చి చూశారు. పరువు పోయిందే గానీ ఇంజిన్‌కి ఏమీ కాలేదు, కవర్ విప్పి మళ్లీ సెట్ చేసుకున్నాను. అదే గ్యాప్ ఎక్కువ కాకుండా తక్కువై ఉంటే నాకు తెలిసేదే కాదు, ఆరు నెలల తర్వాత కాలిన వాల్వ్ చేతిలో పెట్టేవారు.

ఇప్పుడు అసలు పని. స్క్రూ ముట్టుకోకముందే ఆరు వాల్వుల గ్యాప్‌లూ కొలిచి కాగితం మీద రాయండి. చిన్న బ్లేడుతో మొదలుపెట్టి పైకి పోండి. 0.05 కూడా దూరకపోతే "సున్నా" అని రాయండి. ఒక సిలిండర్ అయ్యాక క్రాంక్ 240 డిగ్రీలు తిరిగితే తర్వాతిది వస్తుంది, వరస 1-3-2. డిగ్రీలు కొలిచే పని లేకుండా ఆ సిలిండర్ రాకర్లని, స్ట్రాని చూస్తే సరిపోతుంది.

సెట్టింగ్‌కి నేను ఇంటేక్, ఎగ్జాస్ట్ రెండింటికీ 0.15 తీసుకుంటాను, పాతకాలం వాళ్లు 6 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు ఆరు) అంటారు. గ్యాస్ బండి ఎగ్జాస్ట్‌కి మాత్రం కొంచెం పైకి, 0.18 దాకా పెడతాను, ఎలాగూ తగ్గుతూ పోయేదే కాబట్టి. మీ బండి సర్వీస్ మాన్యువల్‌లో ఇంకో అంకె ఉంటే నా మాట పక్కనపెట్టి దాన్నే పాటించండి. లాక్ నట్ కాస్త వదులు చేసి, బ్లేడు రాకర్ స్క్రూకీ వాల్వ్ కాడకీ మధ్య పెట్టి, స్క్రూ మెల్లగా బిగిస్తూ బ్లేడు ముందుకీ వెనక్కీ లాగుతుండండి. మొదట బ్లేడు నూనెలో జారిపోతుంటుంది, తర్వాత ఒక చోట పట్టీ పట్టనట్టు అవుతుంది, పుస్తకం పేజీల మధ్య నొక్కి పెట్టిన పది రూపాయల నోటు లాగుతున్నట్టు. అక్కడ ఆపండి. బ్లేడు వంగిపోతుంటే బిగువెక్కువ.

ఇప్పుడు స్క్రూడ్రైవర్‌తో స్క్రూని కదలకుండా పట్టుకుని లాక్ నట్ బిగించాలి. ఎంత పట్టుకున్నా నట్ బిగించేటప్పుడు స్క్రూ వెంట్రుకవాసి తిరుగుతుంది, కొలత మారిపోతుంది. కొత్తవాళ్లందరూ ఇక్కడే విసుక్కుని "పర్లేదులే" అంటారు. అనకండి. నట్ బిగించాక మళ్లీ బ్లేడు పెట్టి చూడాల్సిందే, మూడుసార్లు విప్పి బిగించాల్సి వచ్చినా సరే. నేను చివర్లో ఇలా తేల్చుకుంటాను: ఒక సైజు చిన్న బ్లేడు హాయిగా దూరాలి, ఒక సైజు పెద్దది దూరకూడదు. నట్‌కి మణికట్టు బలం చాలు, భుజం వాడొద్దు.

స్క్రూ మొన మీద గుంట పడి ఉందేమో కూడా చూడండి. గుంట ఉంటే బ్లేడు దాని మీద వంతెనలా పరుచుకుంటుంది, కొలత 0.15 చూపించినా అసలు సందు ఇంకా ఎక్కువ ఉంటుంది, సెట్ చేశాక కూడా చప్పుడు పోదు. ఆ చప్పుడు పోగొట్టడానికి ఇంకా బిగించేవాళ్లని చూశాను. వాల్వులు కాలేది అలాగే. గుంట పడితే స్క్రూ మార్చుకోండి.

ఆరూ అయ్యాక ఇంజిన్ రెండు చుట్లు తిప్పి ఒక్కసారి అన్నీ మళ్లీ చూసుకుని, కొత్త ప్యాకింగుతో కవర్ బిగించండి, బోల్టులు అతిగా బిగిస్తే ప్యాకింగు నలిగి ఆయిల్ కారుతుంది. గేరు న్యూట్రల్ చేయడం, చక్రం దించడం మర్చిపోయి కీ తిప్పకండి, నవ్వకండి, జరుగుతుంది.

స్టార్ట్ చేశాక ఇంజిన్ మునుపటి కంటే కాస్త ఎక్కువ చప్పుడు చేస్తుంది. కంగారు పడకండి. మీ మెకానిక్ వచ్చి "పాడు చేశారు" అన్నా వినకండి.

ఇప్పుడు ఆ కాగితం తీయండి. ఇంటేక్‌లు 0.12, 0.13 ఉండి ఎగ్జాస్ట్‌లు 0.05 కిందకి దిగి ఉంటే సీట్లు అరుగుతున్నాయన్న మాట. సెట్టింగ్‌తో వణుకు పోతే సమయానికి పట్టుకున్నట్టు. ఏదో ఒకటి సున్నా ఉండి, సెట్ చేశాక కూడా వణుకు అలాగే ఉంటే ఆ వాల్వ్ అంచు ఇప్పటికే కాలి ఉండొచ్చు. అప్పుడు కంప్రెషన్ గేజ్ పెట్టించి మూడు సిలిండర్లూ పోల్చండి. ఒకటి బాగా తక్కువుంటే ప్లగ్ కన్నంలో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూడమనండి, అంకె పెరిగితే పిస్టన్ రింగులు, పెరగకపోతే వాల్వ్ లేదా హెడ్ ప్యాకింగు. వాల్వ్ అని తేలితే హెడ్ దించక తప్పదు, అది ఇంటి పని కాదు, మీ ఊళ్లోనే ఆటోనగర్ ఉంది కదా, హెడ్ పని చేసే లేత్ వర్క్స్‌కి పట్టుకెళ్లండి. "వాల్వ్ గ్రైండింగ్ చేసేస్తాం" అంటే సరిపెట్టుకోకండి, సీట్లు ఎంత దిగాయో చూపించమనండి, బాగా దిగి ఉంటే సీట్లే మార్పించాలి.

కిట్ విషయానికొస్తే, నేనైతే తీసేయించను. ఆర్‌సీలో ఎక్కించిన కిట్, పంపులో పట్టించుకునే గ్యాస్ అయితే ఇబ్బంది లేదు (ఇంట్లో వంట సిలిండర్ నుంచి పట్టించుకునే అలవాటు ఉంటే ఈరోజే మానేయండి, అది నేరం, పైగా ప్రాణం మీదికొస్తుంది). పొద్దున్న స్టార్టింగ్, మొదటి రెండు మూడు కిలోమీటర్లు పెట్రోల్ మీద నడపండి. ఎగ్జాస్ట్ గ్యాప్‌లు 10,000 కిలోమీటర్లకోసారి చూసుకుని, అదే కాగితం మీద కొత్త అంకెలు పాతవాటి పక్కన రాస్తూ పోండి, గ్లవ్ బాక్సులో పెట్టుకోండి. వచ్చేసారి కవర్ విప్పేసరికి ఎగ్జాస్ట్ 0.18 నుంచి 0.15కి వస్తే బండి మామూలుగా అరుగుతోంది, అలాగే తిప్పుకోండి. 0.08కి పడిపోతే గ్యాస్ మిక్చర్ మరీ పల్చగా నడుస్తోందేమో కిట్ వాళ్లతో చూపించండి. అది సరిచేశాక కూడా అలాగే పడిపోతుంటే ఆ సీట్ల పని అయిపోయినట్టే, ఫ్లైఓవర్ మీద ఆగిపోయేదాకా ఆగకుండా హెడ్ దింపించండి.